కింట్సుగి కిట్లు: నల్లగొండ, పాలమూరు ఇళ్లలో ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు

పగిలిన పింగాణీ, మట్టి పాత్రల ముక్కలను అతికించి, అతుకును దాచకుండా దాని మీద బంగారు గీత గీసే జపాన్ విద్యే కింట్సుగి. ఆన్‌లైన్‌లో కింట్సుగి కిట్ అని వెతికితే ఒకే పేరు మీద మూడు వేర్వేరు సరుకులు కనిపిస్తాయి. మొదటిది ఎపాక్సీ కిట్. రెండు ట్యూబుల జిగురు, చిన్న డబ్బాలో బంగారు రంగు పొడి ఉంటాయి, గంటలో పని అయిపోతుందని పెట్టె మీద రాసి ఉంటుంది. రెండోది జీడిపిక్కల నూనెతోనో మరో చెట్టు నూనెతోనో చేసిన కృత్రిమ వార్నిష్ కిట్. మూడోది అసలైన ఉరుషి కిట్. చైనా, జపాన్‌లలో పెరిగే ఒక చెట్టు కాండానికి గాట్లు పెట్టి తీసే పాలే ఉరుషి. మన లక్క పురుగు ఇచ్చే లక్కకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. అన్నం తినే, చాయ్ తాగే పాత్రకైతే ఉరుషి కిట్టే కొనండి, అదీ జూన్ చివరికల్లా చేతికి అందేలా ఆర్డర్ పెట్టండి. అద్దాల అల్మారాలో పెట్టుకునే వస్తువుకైతే ఎపాక్సీ కిట్ సరిపోతుంది. కృత్రిమ వార్నిష్ కిట్ మాత్రం వద్దే వద్దు. ఆహారం తగిలేచోట వాడొద్దని చాలా కిట్ల మీద తయారుచేసినవాళ్లే రాస్తారు. షోకేసు వస్తువుకేమో ఎపాక్సీ అంతకన్నా త్వరగా, తేలిగ్గా అయిపోతుంది. ఇక దాని అవసరమే లేదు.

ఈ విద్య జపాన్‌లో చాయ్ వేడుక చుట్టూ, అంటే అతిథికి పద్ధతిగా చాయ్ కలిపి ఇచ్చే ఆచారం చుట్టూ పెరిగింది. 15వ శతాబ్దంలో జపాన్‌ను ఏలిన షోగున్ (సైనిక పాలకుడు) అషికాగా యోషిమసా దగ్గర చైనాలోని లాంగ్‌చువాన్ బట్టీల్లో కాల్చిన లేత ఆకుపచ్చ గిన్నె ఉండేదట. అది పగిలితే, అలాంటిదే ఇంకొకటి కావాలని చైనాకు పంపించాడనీ, అంత మంచిది ఇప్పుడు దొరకదంటూ వాళ్లు దానికే లోహపు కుట్లు వేసి తిప్పి పంపారనీ చెప్తారు. కుట్లతో సహా ఆ గిన్నె ఇప్పుడు టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉంది. ఆ కుట్ల మొరటుతనం నచ్చకే బంగారు అతుకు పుట్టిందని చాలాచోట్ల రాస్తారు గానీ, అందుకు గట్టి రుజువు లేదు. జపాన్ కళాకారుడు హోనామి కోయెట్సు (1558–1637) రాకు అనే చేత్తో మలిచే పద్ధతిలో చేసిన ఎర్ర చాయ్ గిన్నె అంతకన్నా మంచి సాక్ష్యం, దాని పేరు సెప్పో. బట్టీలోనే వచ్చిన దాని పగుళ్లను బంగారంతో పూడ్చారు, ఆ గీతలతోనే అది పేరుపొందింది.

మన ఇళ్లలో బీటలిచ్చిన పళ్లెంలో చుట్టానికి వడ్డించం, పగిలిన అద్దం గోడకు ఉంచం. జపాన్‌లో చాయ్ వేడుక నడిపే గురువులు మాత్రం పగిలి అతికిన గిన్నెనే ఏరికోరి అతిథి చేతికిచ్చారు. అతుకు గీత ఆ గిన్నె మీద చూడదగ్గ దృశ్యం అన్నారు. అందుకే తెలిసిన పనివాడు గీతను దాచడు, అందం కోసం దానికి వంపులూ తిప్పడు. పగులు ఎటు పోతే బంగారం అటే పోతుంది. ఒక ముక్క దొరక్కపోతే వేరే గిన్నె ముక్కను అరగదీసి అక్కడ కూర్చే పద్ధతి కూడా ఉంది, దాన్ని యోబిట్సుగి అంటారు. ఇదంతా వాడి వాడి చేతికి అలవాటైన వస్తువును వదులుకోలేక చేసే పని. కొత్త కప్పుతో పాటు దాన్ని పగలగొట్టడానికి సుత్తి కూడా పెట్టి అమ్మే కిట్లు వస్తున్నాయి. అవి చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. అవి కొనకండి.

ఇక ఎపాక్సీ కిట్. సుమారు వెయ్యి, రెండు వేల రూపాయల మధ్య దొరుకుతుంది. లోపలున్నది హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు ట్యూబుల జిగురు లాంటిదే. ఆ రెండు ట్యూబుల్లో ఉండే రెజిన్‌ను, దాన్ని గట్టిపరిచే హార్డెనర్‌ను కిట్ మీద రాసిన పాళ్లలోనే కలపాలి, ఎక్కువ కిట్లలో అది సమపాళ్లే. కంటి అంచనాతో పిండితే ఏదో ఒకటి ఎక్కువై, ఎన్నాళ్లయినా అతుకు జిగటగానే ఉండిపోతుంది. ఐదు నిమిషాల్లో గట్టిపడుతుందని రాసేది చల్లటి గదిని లెక్కేసుకుని. ఏప్రిల్ మధ్యాహ్నం మన గదుల్లో 38 డిగ్రీలుంటే ఆ టైము సగానికి పడిపోతుంది, మూడో ముక్క పెట్టేలోపే జిగురు తీగలు సాగుతుంది. అందుకని పొద్దున ఆరింటికి మొదలుపెట్టండి, లేదా నిదానంగా గట్టిపడే రకమే తీసుకోండి. నిదానం రకం వేడికీ నీళ్లకీ కూడా కాస్త మెరుగ్గా ఆగుతుంది.

పొడిని జిగురులో కలిపి అంచుకు పూయమని కిట్‌లోని కాగితం చెప్తుంది. అలా చేస్తే గీత లావుగా, ముద్దలు ముద్దలుగా వస్తుంది. ముందు ఉత్త జిగురుతో అతికించండి. బయటికొచ్చింది తోలులా మెత్తగా ఉన్నప్పుడే బ్లేడుతో కోసేసి, ఒక రోజు ఆగండి. తర్వాత సన్నటి కుంచెతో అతుకు మీద పలుచని గీత వేసి, పైన పొడి చల్లండి. అప్పుడే చూడబుద్ధేసే గీత వస్తుంది.

ఇంత జాగ్రత్తగా చేసినా ఎపాక్సీ అతుకు వేడికి ఆగదు. గది వేడిలో గట్టిపడిన మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. పొయ్యి మీంచి దించి పోసిన చాయ్ అంతకన్నా చాలా వేడి. కప్పు మొదటి రోజే ఊడదు. రోజూ కొంచెం కొంచెం జరుగుతూ, పసుపెక్కుతూ, చివరికి బరువు పడే పిడి దగ్గర వదిలేస్తుంది, అదీ నిండు కప్పు చేతిలో ఉన్నప్పుడు. పొడి సంగతి ఇంకో తలనొప్పి. అది ఇత్తడి పొడో, రంగు పూసిన అభ్రకం పొడో అయి ఉంటుంది. ఇత్తడికి చింతపండు, నిమ్మ తగిలితే అందులోని రాగి తిండిలోకి దిగుతుంది, గీత కూడా పచ్చబారుతుంది. పచ్చిపులుసు పోసే గిన్నెకు ఇలాంటిది ఎలా వాడతాం? అనుమానముంటే చిటికెడు పొడిని నిమ్మరసంలో వేసి రాత్రంతా వదలండి. రసం నీలిపచ్చకు తిరిగితే ఇత్తడి. రసం మారకుండా మెరుపు అలాగే ఉంటే అభ్రకం. పూలకుండీకో గోడకు తగిలించే పళ్లేనికో అభ్రకం పొడితో ఇబ్బంది లేదు.

ఉరుషి కిట్ దగ్గరికొద్దాం. ఇందులో ముడి ఉరుషి ట్యూబు, నల్ల ఉరుషి, ఎర్ర ఉరుషి, టొనొకో అనే మెత్తటి మట్టిపొడి, సన్న కుంచె, కలపడానికి చిన్న పలక, లోహపు పొడి, పొడి అద్దడానికి పట్టు దూది, చేతితొడుగులు ఉండాలి. లోహపు పొడి ఏమిటో, ఎంత బరువుందో కచ్చితంగా చూసుకోండి. నిజమైన బంగారమైతే బరువు గ్రాములో పదో వంతుల్లో రాసి ఉంటుంది. బరువు లేకుండా 'గోల్డ్ పౌడర్' అని మాత్రమే ఉంటే అది బంగారం కాదు. బంగారంలోనూ రెండు రకాలు. కెషి అనేది అతి మెత్తటి పొడి, పట్టుతో రుద్దితే చాలు మెరుస్తుంది, కొత్తవాళ్లకు అదే మంచిది. మారు అనేది గుండ్రటి రేణువుల పొడి. ఎక్కువ కాలం నిలుస్తుంది గానీ, ఉరుషితో బిగించి, పైన రాతితో మెరుగుపెట్టాలి. బంగారం ధర భరించలేమనుకుంటే తగరం పొడి అడగండి. ఇత్తడి గిన్నెలకు కళాయి పోసే తగరమే అది. వెండిలా నల్లబడదు, గీత నెమ్మదైన తెలుపులో చూడముచ్చటగా ఉంటుంది. రోజూ వాడే కప్పుకు మా ఓటు తగరానికే.

టర్పెంటైన్ మండే సరుకు కాబట్టి విమానంలో వచ్చే కిట్లలో సాధారణంగా పెట్టరు. అది ఇక్కడి పెయింట్ షాపులోనే కొనుక్కోవాలి. ఉత్తగా టర్పెంటైన్ అంటే పెట్రోలియంతో చేసే మినరల్ టర్పెంటైన్ చేతిలో పెడతారు. పైన్ చెట్టు జిగురు నుంచి తీసే గమ్ టర్పెంటైన్ కావాలని గట్టిగా అడగండి. థిన్నర్ ఇస్తామంటే వద్దనండి.

ముట్టుకునే ముందు ఒక హెచ్చరిక. పచ్చి ఉరుషి ఒంటికి తగిలితే దురద, ఎర్రటి దద్దుర్లు, నీటి పొక్కులు వస్తాయి. వెంటనే రావు, ఒకటి రెండు రోజులు ఆగి మొదలై రెండు వారాల దాకా సతాయిస్తాయి. రజకులు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి, జీడిపిక్క తొక్కలోని నూనె, మామిడి సొన, ఉరుషి అన్నీ ఒకే కుటుంబపు చెట్లవి, వాటిలో ఒంటిని కాల్చే పదార్థాలూ దగ్గర చుట్టాలే. కొల్లాపూర్ వైపు మామిడి తోటల్లో కాయలు తెంపి సొనకు బొబ్బలెక్కే ఒళ్లు ఉన్నవాళ్లు, నల్లజీడి పడనివాళ్లు ఈ కిట్ జోలికి పోకపోవడమే మేలు. మిగతావాళ్లు నైట్రైల్ తొడుగులు, పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి. పొరపాటున తగిలితే నీళ్లు పోయొద్దు. ముందు పల్లినూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. పూర్తిగా గట్టిపడ్డాక మాత్రం ఉరుషితో ఏ భయమూ లేదు. జపాన్‌లో సూప్ గిన్నెలకు తరతరాలుగా పూస్తున్నది ఇదే.

మన జిల్లాల్లో ఎక్కువమంది దెబ్బతినేది వాతావరణం దగ్గర. ఇక్కడ ఏది తడిగా ఉన్నా డాబా మీద ఎండలో పెట్టడం అలవాటు. ఉరుషి ఎండితే గట్టిపడే వస్తువు కాదు. అందులోని లాకేస్ అనే ఎంజైమ్ గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని ఆ పాలను గట్టి పొరగా మారుస్తుంది, అందుకు దానికి చెమ్మ కావాలి. 20 నుంచి 30 డిగ్రీల వేడి, 70 నుంచి 85 శాతం తేమ ఉంటే చక్కగా పని జరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో ఎండ 44 డిగ్రీలు దాటుతుంది, తేమ అడుగంటుతుంది. ఆ రోజుల్లో పూసిన ఉరుషి వారం తర్వాత కూడా చేతికంటుతుంది. అప్పుడు కిట్ నకిలీదని తిట్టుకుంటూ రివ్యూలు రాస్తారు. కిట్‌లో లోపం లేదు, కాలం కుదరలేదంతే. జూలై నుంచి సెప్టెంబరు దాకా మన వానాకాలపు గాలి ఈ పనికి అచ్చంగా సరిపోతుంది.

అయినా ఒక పెట్టె సిద్ధం చేసుకోవాల్సిందే. మూత ఉన్న థర్మాకోల్ పెట్టె తీసుకుని, అడుగున తడిపి పిండిన తువాలు పరచి, పైన జాలీ పెట్టి, దాని మీద కప్పు ఉంచండి. తడిగుడ్డ కప్పుకు తగలకూడదు. తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు లోపల పెట్టి, 75 శాతం దగ్గర నిలిచేలా చూడండి. 85 దాటనిస్తే పైపొర తొందరపడి గట్టిపడి, కింద పచ్చిగా ఉండి, ముడతలు పడుతుంది. పొర మందంగా వేసినా ఇదే జరుగుతుంది. ఎండాకాలంలో తప్పదనుకుంటే కూలర్ నడిచే గదిలో ఈ పెట్టె పెట్టండి, ఏసీ గదిలో వద్దు. ఏసీ గాలిని ఆరబెట్టేస్తుంది. డిసెంబరు, జనవరి రాత్రుల చలికి పని నెమ్మదిస్తుంది, అన్ని గడువులూ సుమారు రెట్టింపు వేసుకోండి.

అసలు పని ఇలా సాగుతుంది. ముక్కలన్నీ కడిగి ఆరబెట్టి, జిగురు లేకుండా ఒకసారి పేర్చి చూసి, టేపు ముక్కలతో నంబర్లు వేసుకోండి. ఏ వరుసలో పెడితే చివరి ముక్క లోపలికి దిగుతుందో ముందే తెలియాలి. అది చూసుకోకపోతే ఆఖరి ముక్క పట్టదు, అన్నీ ఊడదీయాల్సి వస్తుంది. పదునైన అంచులను వజ్రపు ఆకురాయితో ఒక్క గీటు అరగదీయండి. ఆ సన్నని వాలులోనే తర్వాత ఉరుషి కూర్చుంటుంది. ఆపై ముడి ఉరుషిలో కాస్త టర్పెంటైన్ కలిపి అంచులకు రాసి, వెంటనే కాగితంతో అద్ది, ఒకట్రెండు రోజులు పెట్టెలో ఉంచండి. రంధ్రాలున్న మట్టి అంచు జిగురును పీల్చేసుకోకుండా ఈ పూత అడ్డుకుంటుంది.

అతికించే జిగురు మైదాతో చేస్తారు. పావు టీ చెంచా మైదాలో చుక్క చుక్క నీళ్లు వేస్తూ, సాగే ముద్ద అయ్యేదాకా గాజు పలక మీద పిసకండి. దానికి సమానంగా ముడి ఉరుషిని మూడు నాలుగు దఫాలుగా కలుపుతూ పోవాలి. పలక ఎత్తితే వేలెడు పొడుగు తీగ తెగకుండా సాగాలి. తీగ రాకపోతే పిసకడం చాలలేదు, కారిపోతుంటే నీళ్లు ఎక్కువయ్యాయి. రెండు అంచులకూ కాగితమంత పలుచగా పూసి, ఇరవై నిమిషాలు గాలికి వదిలి, జిగట వచ్చాక నొక్కండి. అతుకు మీద గోరు అడ్డంగా లాగి చూడండి. మెట్టులా తగిలితే ఇప్పుడే సర్దాలి, తర్వాత సర్దలేం. టేపు బిగించి, రెండు మూడు వారాలు పెట్టెలో కదిలించకుండా ఉంచండి. వారానికే తీసి చూసేవాళ్ల అతుకు సగం ఊడి చేతికొస్తుంది. బయట గట్టిగా ఉన్నా లోపలి జిగురు ఇంకా పచ్చిగానే ఉంటుంది.

అతుకు గట్టిపడ్డాక మిగులును బ్లేడుతో గీకేసి, గుంతలు పూడ్చాలి. టొనొకోను నీళ్లతో పేస్టు చేసి, పది పాళ్లకు ఏడెనిమిది పాళ్ల ముడి ఉరుషి కలపండి. ఉరుషి తగ్గితే పూడిక పొడిపొడిగా రాలుతుంది, ఎక్కువైతే ముడతలు పడి లోపల గట్టిపడదు. ఒక్కో పొర మిల్లీమీటరు దాటొద్దు, పొరకూ పొరకూ మధ్య రెండు మూడు రోజులు ఇవ్వండి. అంచు పెద్దగా ఎగిరిపోయిన చోట మైదా జిగురులో మెత్తటి చెక్కపొడి కలిపి ముందు అడుగు పూడ్చుకోవాలి. చివర్లో నీళ్లు అద్దుకుంటూ 400, తర్వాత 600, 800 నంబరు వాటర్ పేపరుతో నునుపు చేయండి. కాగితాన్ని గోటి అంత ముక్కలుగా కత్తిరించి అతుకు మీదే నడపండి, లేకపోతే పక్కనున్న మెరుపు పూత గీతలు పడి మాసిపోతుంది.

దాని మీద నల్ల ఉరుషి గీత, గట్టిపడ్డాక నునుపు, మళ్లీ ఒకసారి గీత. ఈ దశ చకచకా అయిపోతుంది.

బంగారం చల్లే రోజు మాత్రం తొందర పనికిరాదు. ఎర్ర ఉరుషిని వీలైనంత పలుచగా గీసి, అరగంట అటూఇటూగా ఆగాలి. సమయం ఆ రోజు తేమను బట్టి మారుతుంది, గడియారాన్ని నమ్ముకోవద్దు. గీత మీదికి నోటితో మెల్లగా ఆవిరి ఊదండి. ఆవిరి నీలిరంగు మంచులా ఒక్క క్షణం పట్టి మాయమైతే అదే అదను. పట్టకపోతే ఇంకా పచ్చిగా ఉన్నట్టు. అప్పుడు చల్లితే బంగారం లోపలికి మునిగి రంగు మందగిస్తుంది, పొడి రెట్టింపు తింటుంది. ఆలస్యమైతే అసలు అంటదు. పట్టు దూదిని పొడిలో అద్ది, గీత పక్కనుంచి గీత మీదికి తోసినట్టు మెత్తగా అద్దండి. కింద తెల్ల కాగితం పరచుకుంటే రాలిన పొడి మళ్లీ వాడుకోవచ్చు. రెండు మూడు రోజులయ్యాక పట్టుతో రుద్దితే మెరుపు వస్తుంది. పాత్రను వాడకంలో పెట్టడానికి ఇంకో నెల ఆగండి. జూలై మొదట్లో మొదలుపెట్టిన కప్పు బతుకమ్మ పండక్కి అటూఇటూగా చేతికొస్తుంది.

మన ఇళ్లలో ఏ పాత్రకు ఇది కుదురుతుంది? పింగాణీ చాయ్ కప్పులు, సాసర్లు, ఎగిరిపోయిన గిన్నె అంచులు అన్నిటికన్నా బాగా వస్తాయి. తొక్కు జాడి పగిలితే ఆలోచించాలి. ఏళ్లుగా తొక్కు ఉన్న జాడి గోడలోకి నూనె ఇంకి ఉంటుంది, నూనె తగిలిన చోట ఉరుషి గట్టిపడదు. వేడి సబ్బునీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, అసిటోన్‌తో తుడిచి, మళ్లీ ఒకసారి అలాగే చేసి చూడండి. విరిగిన అంచు వేలికి జిడ్డుగా తగులుతూనే ఉంటే ఆ జాడిని వదిలేయడం మంచిది. బాగైనా అందులో పప్పులో పసుపుకొమ్ములో పోసుకోండి. ఏడాది పొడుగునా ఉప్పు, నూనె నానే తొక్కు పెట్టొద్దు. జాడి మూత విరిగితే మాత్రం నిశ్చింతగా చేసుకోవచ్చు. రంజన్‌కు ఈ వైద్యం వద్దు. నీళ్లు పట్టి నిత్యం చెమర్చే మెత్తటి మట్టి గోడలో అతుకు ఎప్పుడూ నానుతూనే ఉంటుంది, పైగా ఆ ఖర్చుకు కుమ్మరి దగ్గర కొత్త రంజన్‌లు చాలానే వస్తాయి. పొయ్యి మీద పెట్టే మట్టి గిన్నె సంగతి చెప్పక్కర్లేదు, మంట తగిలితే అతుకు మాడిపోతుంది.

అతికిన కప్పును మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, లోహపు గీత ఉంది. స్టీలు పీచుతో తోమొద్దు, రాత్రంతా సింకు నీళ్లలో నానేయొద్దు, కిటికీ ఎండ నేరుగా పడేచోట ఉంచొద్దు. గట్టిపడిన ఉరుషి పులుపుకూ వేడి చాయ్‌కీ ఆగుతుంది గానీ ఎండకు మాత్రం చెడిపోతుంది.

జపాన్ నుంచి తెప్పించే కిట్‌కు పోస్టేజీ, కస్టమ్స్ సుంకం కలిపితే ఎపాక్సీ కిట్ కన్నా చాలా రెట్లు అవుతుంది. ఒక్క కప్పు కోసమైతే గిట్టదు. నాలుగైదు పాత్రలు పోగయ్యాకో, ఇద్దరు ముగ్గురు కలిసో కొనండి. టొనొకో, ఉరుషి, లోహపు పొడి మాత్రమే విడిగా తెప్పించుకుంటే ఇంకా కలిసొస్తుంది, మైదా, థర్మాకోల్ పెట్టె, వాటర్ పేపరు ఇక్కడివే సరిపోతాయి. కుంచెను పని కాగానే పల్లినూనెతో కడిగి, మళ్లీ వాడేముందు ఆ నూనె జాడ లేకుండా టర్పెంటైన్‌తో కడగాలి. ఉరుషి ట్యూబు మూతి తుడిచి, మూతికి పలుచని ప్లాస్టిక్ కాగితం అడ్డుపెట్టి మూత బిగించి, ఫ్రిజ్‌లో పెట్టండి. బయట వదిలేస్తే మన ఎండాకాలపు వేడికి దాని సత్తువ పోతుంది, వచ్చే వానాకాలంలో పూసినా నిదానంగా తప్ప గట్టిపడదు.